ఊపిరి మనది కాని వేళ

ఊపిరి ఆడుచున్నంత వరకు మనుష్యుడు బ్రతికి యున్నాడనియు, అది నిలిచినచో పోయినాడనియు లోకులు తలంతురు. ముక్కు కడ దూదిపింజ నుంచి చూచుట మన ఇండ్లలో పెద్దలు ఎరిగిన పరీక్షయే. ఈ లోకానుభవమును తలక్రిందులు చేయు స్థితి యొకటి నేడు పెద్ద ఆసుపత్రులలో ప్రతి దినము సంభవించుచున్నది. గుండెను నిలిపి చేయు ఆపరేషనులో రోగి ఊపిరితిత్తులు కదలవు, గుండె కొట్టుకొనదు, కన్ను, చెవి, వాక్కు, మనస్సు ఏవియు తమ పని చేయవు. ఒక గంటయో, రెండు గంటలో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయో ఇట్లు పడియుండిన మనుష్యుడు మరల మేల్కొని, ఆలుబిడ్డలను పేరు పెట్టి పిలిచి, కొన్ని నెలలకు కొండకు వచ్చి స్వామిని సేవించుకొనుచున్నాడు.

గత సంవత్సరము ఒక దివ్యక్షేత్రమున తిరునక్షత్రోత్సవమునకు వచ్చిన వృద్ధ శ్రీవైష్ణవులొకరు ఈ విషయమై నన్ను ప్రశ్నించిరి. "స్వామీ, దాసునకు గుండె రక్తనాళములు మూడు పూడుకొని పోయినవట. ఆపరేషను చేయవలెనన్నారు. చావునకు వెరచుట లేదు. కాని మత్తులో, నోట గొట్టముతో, ఊపిరి నాది కాని సమయమున దేహము పడిపోయినచో తిరునామమును తలచుట ఎట్లు? డెబ్బది ఏండ్లు చేసినదంతయు ఆ గడియలో వ్యర్థమగునా? అంతకంటె ఇంటనే పెరుమాళ్ళ ఎదుట కన్ను మూయుట మేలు కాదా?"

ఇది పిరికివాని ప్రశ్న కాదు. శాస్త్రమునందు విశ్వాసము గలవానికే ఇట్టి సంశయము కలుగును. అయితే అక్కడ జరుగునది ఏమో తెలియక ధర్మనిర్ణయము చేయుటను మా గురువులు ఒప్పుకొనెడివారు కారు. మొదట విషయము, పిమ్మట సంశయము, ఆ పిమ్మట పూర్వపక్షము, సిద్ధాంతము: అధికరణమునకు క్రమమిది. కనుక మొదట విషయమును చూతము. నేను వైద్యము చదివినవాడను కాను. నా శిష్యులలో ఒకరి కుమారుడు మత్తు వైద్యుడు. అతడు ఓపికతో వివరించినదానిని, నేను చదివి తెలిసికొనినదానిని ఇచట చెప్పుచున్నాను.

సహజమైన శ్వాసలో మనము గాలిని లోనికి త్రోయుట లేదు. ఉదరవితానమను కండరము క్రిందికి దిగును, రొమ్ము విచ్చుకొనును, గాలి తనంతట తానే లోనికి వచ్చును. ఒక్కొక్క ఊపిరికి సుమారు 500 మిల్లీలీటర్లు. నిమిషమునకు 15 చొప్పున లెక్కించినచో దినమునకు 21,600 అగును. యోగశాస్త్రము హంసమంత్ర జపమునకు చెప్పిన సంఖ్యయు ఇదియే. ఊపిరితిత్తులలో వాయుకోశములు 30 కోట్లకు పైగా కలవు. వానిని విప్పి పరచినచో ఒక మోస్తరు ఇంటి నేల యంత, దాదాపు 70 చదరపు మీటర్లు, ఉండునట. అంతటి వైశాల్యము మీద రక్తము పలుచని పొరవలె పారుచు ప్రాణవాయువును గ్రహించుచున్నది.

ఆపరేషను బల్లపై రోగికి మత్తు నిచ్చి, కండరములను సడలించు మందు నిత్తురు. అంతట అతని ఊపిరి నిలిచిపోవును. స్వరతంత్రుల నడుమగా శ్వాసనాళములోనికి గొట్టమును పంపి వెంటిలేటరు అను యంత్రమునకు తగిలింతురు. ఇక మీదట గాలిని లోనికి పంపునది యంత్రము. ఇచట భేదమును గమనింపవలెను: మనము గాలిని పిలిచెదము, యంత్రము గాలిని త్రోయును. త్రోపుడు మితిమీరినచో వాయుకోశములు సాగి దెబ్బతినును. పూర్వము శరీరపు బరువులో కిలోకు 10 మొదలు 15 మిల్లీలీటర్ల వరకు పంపెడివారట. 2000లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరీక్షలో, ఊపిరితిత్తులు తీవ్రముగా దెబ్బతిన్న 861 మంది రోగులలో కొందరికి కిలోకు 12, కొందరికి 6 మిల్లీలీటర్లు ఇచ్చి చూచిరి. ఎక్కువ ఇచ్చిన వారిలో నూటికి 39.8 మంది మరణింపగా తక్కువ ఇచ్చిన వారిలో 31 మంది మరణించిరి. వారు గుండె ఆపరేషను రోగులు కారు. అయినను ఆ పాఠము ఆపరేషను గదులకును ప్రాకినది. నేడు సాధారణముగా 6 మొదలు 8 మిల్లీలీటర్లే, అదియు రోగి ఎత్తునకు తగిన బరువును లెక్కించి, పంపుచున్నారు. ఆహారమున మితమును గీతాచార్యుడు చెప్పినాడు. ఊపిరికిని మితము కలదని యంత్రము వచ్చిన పిదప గాని మనకు తెలియలేదు.

రొమ్ము ఎముకను చీల్చి, రక్తము గడ్డకట్టకుండ మందు నిచ్చి, గుండె కుడి గదిలోని నల్లరక్తమును గొట్టముల ద్వారా వెలికి తీసి, గుండె ఊపిరితిత్తుల యంత్రములోనికి మరలింతురు. ఆ యంత్రము దానికి ప్రాణవాయువును చేర్చి మహాధమనిలోనికి తిరిగి పంపును. పిమ్మట పొటాషియము గల ద్రవమును పంపి గుండెను నిలుపుదురు. ఇప్పుడు ఊపిరితిత్తులలో గాలి నింపి ప్రయోజనము లేదు, వాని గుండా రక్తము పోవుట లేదు గదా. కావున అనేక చోట్ల వెంటిలేటరును కూడ నిలిపివేయుదురు. ఊపిరితిత్తులు గాలి తీసిన తిత్తులవలె ముడుచుకొని పోవును. ఆ వేళ వానికి అందునది శ్వాసనాళముల వెంట పోవు సన్నని ధమనుల రక్తము మాత్రమే. (గుండెను నిలుపకయే, కొట్టుకొనుచుండగనే రక్తనాళములను అతుకు పద్ధతియు కలదు. మన దేశమున అది విరివిగా జరుగుచున్నది; అందులో వెంటిలేటరు మొదటి నుండి తుది వరకు ఆడుచునే యుండును.)

పని లేనందున ఊపిరితిత్తులకు విశ్రాంతి లభించినదని మనము తలపవచ్చును. అది సరి కాదు. ముడుచుకొనిన వాయుకోశములు ఒకదానికొకటి అంటుకొనును, తడి చేరును; యంత్రపు గొట్టములను తాకివచ్చిన రక్తము వానిలో వాపును కలిగించును. గుండెకు చేసిన ఆపరేషను ఫలించియు, పిమ్మట ఊపిరితిత్తుల వలన కష్టపడువారు కలరు. అందుచేత యంత్రమును విడిపించుటకు ముందు మత్తు వైద్యుడు మెల్లమెల్లగా గాలిని నింపి ఊపిరితిత్తులను విప్పును. తెరచిన రొమ్ములో అవి మరల నిండుకొనుటను శస్త్రవైద్యుడు కన్నులార చూచును. నిలిపివేయుటకంటె ఆ సమయమున కొలది కొలదిగా ఆడించుచుండినచో మేలు కలుగునా అని ఫ్రాన్సులో 1,501 మంది రోగులపై పరీక్షించి 2021లో ఫలితమును ప్రకటించిరి. ఆడించినవారికిని నిలిపినవారికిని మొత్తము మీద చెప్పదగిన భేదము కనబడలేదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీనితో మనకు మరల పని కలదు.

ఈ యంత్రము ఎట్లు పుట్టినదో రెండు మాటలు. 1931లో అమెరికాలోని బోస్టను నగరమున, ఊపిరితిత్తుల రక్తనాళములో గడ్డ అడ్డుపడిన యొక స్త్రీ ప్రక్కన జాన్ గిబ్బన్ అను యువవైద్యుడు రాత్రియంతయు కాచుకొని కూర్చుండెను. నల్లబడుచున్న ఆమె రక్తమును వెలికి తీసి, ఎర్రబరచి మరల లోనికి పంపగలిగిన బాగుండునుగదా అను తలంపు ఆ రాత్రి అతనికి కలిగెను. ఆ స్త్రీ దక్కలేదు. ఇరువది రెండేండ్ల శ్రమ పిమ్మట, 1953 మే 6న ఫిలడెల్ఫియాలో, 18 ఏండ్ల యువతి గుండెలోని రంధ్రమును అతడు యంత్రసహాయమున మూసెను. 26 నిమిషముల కాలము ఆమె గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని ఆ యంత్రమే చేసినది. మరుసటి సంవత్సరము మినియాపొలిసు నగరమున వాల్టన్ లిల్లెహై అను శస్త్రవైద్యుడు యంత్రము లేకయే ఒక మార్గము కనుగొనెను. బిడ్డ రక్తమును తండ్రి శరీరములోనికి మరల్చి, తండ్రి ఊపిరితిత్తులలో శుద్ధమైన రక్తమును బిడ్డకు పంపెను. ఇట్లు 45 మంది రోగులకు చేయగా 28 మంది జీవించి ఇండ్లకు పోయిరి. ఊపిరి నిచ్చినవారు చాల వరకు తల్లిదండ్రులే. వారిలో ఎవరును మరణింపలేదు గాని ఒక తల్లికి తీవ్రమైన హాని కలిగెను. ఒకరి ఊపిరితో మరియొకరు జీవించుట అనునది కవుల అలంకారమనియే మనము ఇంతకాలము అనుకొంటిమి.

ఇక సంశయము. ఊపిరియు గుండెయు నిలిచిన ఆ మనుష్యునియందు ప్రాణము ఉన్నదా, లేదా?

ఛాందోగ్యములో ఇంద్రియముల కలహము ప్రసిద్ధము. వాక్కు ఒక ఏడు వెడలిపోయినను దేహము మూగదై జీవించినది. కన్ను పోయినను, చెవి పోయినను, మనస్సు పోయినను జీవించినది. ప్రాణము కదలబోగా, మేలుజాతి గుఱ్ఱము తనను కట్టిన మేకులను పెల్లగించినట్లు తక్కిన ఇంద్రియములన్నియు పెల్లగింపబడినవి. ఆపరేషను గదిలో వాక్కు మొదలగునవి పోయినవి సరియే, శ్వాసయు పోయినది. అయినను ఏ మేకును ఊడలేదు. దీనిని చూచి కొందరు విద్యావంతులు, మీ ప్రాణవిద్యను యంత్రము ఖండించినదని పరిహసింతురు. వారు బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము నాల్గవ పాదమును చదివియుండరు. ముఖ్యప్రాణము వట్టి గాలి కాదనియు, గాలి యొక్క కదలిక మాత్రమును కాదనియు అచట నిర్ణయింపబడినది. విశేషస్థితిని పొందిన వాయువే ప్రాణమని భగవద్రామానుజుల భాష్యము. ముక్కులో ఆడునది దాని పనులలో ఒకటి. ఆ పనిని కొంతసేపు వేరొకరు చేసినంత మాత్రమున కర్త తొలగిపోయినట్లు కాదు. యంత్రము జీవమును ఈయలేదు, జీవమున్న చోట రక్తమును త్రిప్పినది. జీవము తొలగిన దేహమునకు అదే యంత్రమును ఎన్ని దినములు తగిలించినను లేచి కూర్చుండదు.

కఠోపనిషత్తు మరియొక అడుగు ముందుకు పోయినది. మర్త్యుడు ప్రాణము చేత గాని అపానము చేత గాని జీవించుట లేదనియు, ఆ రెండును దేనిని ఆశ్రయించి యున్నవో దాని చేతనే జీవించుచున్నాడనియు యముడు నచికేతునకు బోధించినాడు. ఇంత కాలము ఈ వాక్యమును మేము పాఠశాలలో వల్లించితిమి, వ్యాఖ్యానించితిమి. ఊపిరి నిలిచిన దేహమును ఎదుట పెట్టుకొని దానిని చదువు అవకాశము మా గురువులకు లేకపోయినది. గీతలో యంత్రమను పదము వచ్చినది గనుక ఈ యంత్రము మనవారికి ముందే తెలియునని వ్రాయువారును కలరు. అట్టి గొప్పలు శాస్త్రమునకు అక్కరలేదు. శాస్త్రము చెప్పినది ఇంకొకటి, "నేను ఊపిరి పీల్చుచున్నాను" అనునప్పటి ఆ "నేను" ఎంతటి స్వతంత్రుడో చూచుకొమ్మని. నిద్రలో మన ఊపిరిని మనమా నడుపుచున్నది? బల్లపై మత్తులో నున్నవానికిని, ఇంట నిద్రించు మనకును ఈ విషయమున పరతంత్రత ఒక్కటే. వాని విషయమున అది కంటికి కనబడుచున్నది.

ఇప్పుడు ఆ వృద్ధుల అసలు ప్రశ్న, అంతిమస్మృతి. అంత్యకాలమున ఏ భావమును తలచుచు దేహమును విడుచునో ఆ భావమునే పొందునని గీతాష్టమాధ్యాయము చెప్పుచున్నది. కావున తెలివి లేని స్థితిని కోరి తెచ్చుకొనుట ఆత్మహాని యని పూర్వపక్షము. ఇది బలమైన పూర్వపక్షమే. త్రోసివేయదగినది కాదు.

దీనికి సమాధానము మన సంప్రదాయమున వేయేండ్ల క్రిందటనే పలుకబడినది. కాంచీపురమున తిరుక్కచ్చినంబి ద్వారా దేవప్పెరుమాళ్ళు శ్రీరామానుజులకు అనుగ్రహించిన ఆరు మాటలలో ఒకటి, ప్రపన్నునకు అంతిమస్మృతి నియమము లేదనునది. భక్తియోగమును తన బలముతో సాగించువానికి ఆ తుది తలపు అతని భారము. శరణాగతునకు అది భారము కాదు, ఏలన భారమునే అప్పగించినాడు. వరాహచరమశ్లోకము దీనినే స్పష్టము చేయుచున్నది. మనస్సు స్వస్థమై, దేహము నెమ్మదిగా నున్న కాలమున తనను తలచినవానిని, వాడు కట్టెవలె రాతివలె పడియున్న సమయమున తానే తలచి పరమగతికి కొనిపోవుదునని స్వామి భూదేవికి ప్రతిజ్ఞ చేసినాడు. మత్తు మందు వలన చలనము లేక పడియున్న దేహమును కట్టెతో, రాతితో పోల్చుటకంటె సరియైన పోలిక నాకు తోచుట లేదు. అచట తలచువాడు మారినాడు. మనము తలచునది నిలిచినప్పుడు ఆయన తలచును.

కాని ఆ శ్లోకములోని మొదటి సగమును విడిచి రెండవ సగమును మాత్రమే పట్టుకొనుట మన సోమరితనము. దేహము నెమ్మదిగా నున్నప్పుడు తలచినవాడు అను విశేషణము ఊరక వేసినది కాదు. పెరియాళ్వారు శ్రీరంగనాథునితో, అప్పటికి గాను ఇప్పుడే చెప్పి ఉంచితినని విన్నవించినారు. కులశేఖరులు ముకుందమాలలో, భద్రాచల రామదాసు దాశరథీ శతకములో, కఫము గొంతున అడ్డుపడు వేళ నీ తలపు కలుగునో కలుగదో అని శంకించి, ఇప్పుడే భజించెదమని నిశ్చయించుకొనినారు. ముగ్గురును గొంతు మూసికొనిపోవుటను, తెలివి తప్పుటను ముందుగానే ఎరిగి మాటాడినవారే. నేటి రోగి గొంతున కఫమునకు మారు గొట్టము ఉన్నది. పరిస్థితి క్రొత్తది కాదు.

ఇచట, పైన గుర్తుంచుకొనుమన్న మాట వద్దకు తిరిగి రావలెను. ఊపిరితిత్తులు నిలిచిన సమయమున యంత్రముతో ఆడించుట వలన చెప్పదగిన లాభము కలుగలేదని గదా చూచితిమి. నెదర్లాండ్సు దేశమున వేరొక పరీక్ష జరిగినది, 2006లో ప్రకటింపబడినది. గుండె రక్తనాళముల ఆపరేషనుకు ఎదురుచూచుచున్నవారిలో ఊపిరితిత్తుల ఉపద్రవము కలుగు అపాయము ఎక్కువగా గల 279 మందిని ఎన్నుకొని, సగము మందికి ఆపరేషనుకు కనీసము రెండు వారముల ముందు నుండి దినమునకు 20 నిమిషములు, అడ్డు గల గొట్టము ద్వారా గాలిని లోనికి పీల్చు అభ్యాసము చేయించిరి. తక్కినవారికి వాడుకలో నున్న చికిత్సనే ఇచ్చిరి. ఆపరేషను తరువాత ఊపిరితిత్తుల ఉపద్రవములు అభ్యాసము లేనివారిలో నూటికి 35 మందికి కలుగగా, అభ్యాసము చేసినవారిలో 18 మందికే కలిగినవి. బల్లపై నున్నప్పుడు ఆ రోగులు చేయగలిగినది ఏమియు లేదు. చేయవలసినదంతయు తెలివి గలిగిన దినములలో, తమ ఇంట కూర్చుండి చేసికొనిరి. ఆళ్వారుల మాటను ఆ దేశపు వైద్యులు ఎరుగరు. ఊపిరి విషయమున వారికి దొరకినదియు ఇదియే.

కావున ఆ పెద్దలతో నేను ఇట్లంటిని: "స్వామీ, వైద్యులు ఆపరేషనుతో మేలు కలుగునని చెప్పుచుండగా, తుది తలపు దక్కదేమో యను భయముతో దానిని మానుకొనవలదు. అట్లు మానుట పెరుమాళ్ళకు అప్పగించిన మూటను తిరిగి విప్పి లెక్క చూచుకొనుట యగును. దేహము ఆయన సొత్తు. సొత్తును కాపాడుట దాసుని పని. ఆపరేషనుకు ముందు ఎన్ని దినములు మిగిలినవో అన్ని దినములు పొగాకును, పొడుమును పూర్తిగా విడువుడు. వైద్యులు చెప్పిన ఊపిరి అభ్యాసమును విడువకుడు. సంధ్యావందనమునకు కూర్చుండినప్పుడు మెల్లగా, నిండుగా ఊపిరి తీయుడు. ఊపిరి బిగబట్టి నిలుపు కుంభకము జోలికి మాత్రము వైద్యుని అడుగక పోవలదు. గుండె బలహీనమైనవారికి అది తగదు."

ఇంటివారితోను కొన్ని మాటలు చెప్పవలసి యున్నది. ఆపరేషనుకు పోవుచున్నవాని నోట చాటుగా ప్రసాదము పెట్టుట, స్పృహ లేని రోగి పెదవులపై తీర్థము పోయుట భక్తి యని పలువురు తలంచుచున్నారు. మత్తులో నున్నవాని కడుపులోని పదార్థము పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడినచో ప్రాణాపాయము. అందుచేతనే ఘనాహారమును కనీసము ఆరు గంటల ముందు, మంచినీటిని రెండు గంటల ముందు నిలుపుమందురు. ఒక్కొక్క రోగికి అంతకంటె ముందుగానే నిలుపుమనవచ్చును. ఆ ఆజ్ఞను దాటించి పెట్టిన ప్రసాదము ప్రసాదము కాదు, అపచారము. శస్త్రవైద్యమునకు ముందు ఊర్ధ్వపుండ్రమును తుడువవలెనన్నను, తులసిమాలను తీయవలెనన్నను బాధపడనక్కరలేదు. ఆతురునకు నియమములలో సడలింపును ధర్మశాస్త్రకారులే ఇచ్చినారు.

ఆపరేషను ముగిసిన పిదప రోగిని గొట్టముతోనే ఐ.సి.యు.నకు చేర్చి, కొన్ని గంటల వరకు వెంటిలేటరుపై ఉంతురు. మత్తు విడుచుచుండగా మొదట చెవి మేల్కొనిన వారు, కన్ను తెరచిన వారు కలరు. మాట మాత్రము ఎవరికిని రాదు. గొట్టము స్వరతంత్రుల నడుమ నుండుటయే దానికి కారణము. ఇది తెలియక రోగులు బెదరిపోవుదురు, చేతులు కొట్టుకొందురు. ముందుగా చెప్పియుంచినచో ఈ బెదరు చాల తగ్గును. వాచికము, ఉపాంశువు, మానసము అని జపము మూడు విధములు గదా. వాచికముకంటె ఉపాంశువును, దానికంటె మానసమును మనువు ఎక్కువగా చెప్పినాడు. నాలుక కదలని ఆ రెండు మూడు గంటలు తక్కువైన జపమునకు తావు లేదు, శ్రేష్ఠమైనదానికే తావు కలదు. ఆ పెద్దలకు ఈ మాట మిక్కిలి నచ్చినది, ముఖము విప్పారినది.

రోగి తనంతట ఊపిరి తీయగలడని పరీక్షించిన పిదప గొట్టమును తీయుదురు. గొంతు బొంగురుపోయి యుండును. దిండును రొమ్మునకు అదుముకొని దగ్గుమనియు, గంట గంటకు నిండుగా ఊపిరి తీయుమనియు చెప్పుదురు. కుట్ల నొప్పికి వెరచి దగ్గకుండువారే ఎక్కువ. దగ్గనిచో అడుగున మిగిలిన వాయుకోశములు విచ్చుకొనవు. ప్రక్కన నున్నవారు దీర్ఘముగా ఒక తిరునామము చెప్పి, ఆ మేరకు ఊపిరి తీయించి, మరల చెప్పి, మరల తీయించినచో రెండు పనులును నెరవేరును. నీరు మ్రింగవచ్చునని వైద్యులు అనుమతించిన పిదప మొదటి గ్రుక్క పెరుమాళ్ళ తీర్థమగుటకు ఎవరికిని అభ్యంతరముండదు. కాచి చల్లార్చిన నీటితో ఆ ఉదయమే ఇంట తిరువారాధనము చేసి, పచ్చకర్పూరము వేయక తెచ్చిన తీర్థమును, రోగిని చక్కగా కూర్చుండబెట్టి, చెంచాతో కొలది కొలదిగా ఈయవలెను.